పెరట్లో నాలుగో నేలమాళిగ

ఆ రోజు పొద్దున టైమ్ కీపర్ అనుకున్న పని పెద్దదేమీ కాదు. డిపోకు వెళ్లాలి, వచ్చే బస్సుల వేళలూ పోయే బస్సుల వేళలూ రాయాలి, సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా మార్చుకొని, నాలుగో నేలమాళిగలో ఇరుక్కుపోయిన తన నలుగురు మనుషుల్ని బయటికి తీసుకురావాలి.

నేలమాళిగ కంప్యూటర్లో ఉంది. పాతకాలపు ఆట. తెర నిండా బూడిదరంగు రాతిగోడలు. మీట నొక్కితే ఒక గడి ముందుకు జరుగుతాం, మళ్లీ గోడలే. మన మనుషులు మనకు కనపడరు, వాళ్ల కళ్లతో మనమే చూడాలి. కత్తివాడొకడు, డాలువాడొకడు, మంత్రాలు తెలిసినావిడ ఒకతె, తాళాలు తీసే బక్కవాడొకడు. ఆ ఆటలో దారి చూపించే పటం ఉండదు. ఆడేవాడే గళ్ల కాగితం పక్కన పెట్టుకొని, ఒక గడి నడిచినప్పుడల్లా ఒక గడి గీసుకోవాలి.

టైమ్ కీపర్ స్కేలు పెట్టి గీశాడు. గోడకు గీత, గుంటకు సున్నా, ఒకవైపు పోవడమే తప్ప వెనక్కి రాలేని చోట బాణం. బాణం దగ్గర అతని నలుగురూ అవతలికి జారారు. జారి, మలుపులు తిరిగి, ఒక గోడ ముందు ఆగిపోయారు. ఎదర గోడ, వెనక ఎక్కలేని గట్టు. వాళ్ల సంచుల్లో తిండి కూడా తగ్గిపోతోంది. ఆ దిగులుతో అతనికి ఇంట్లో తిండి సయించడం లేదు.

అతని భార్యను వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. ముందుగదిలో కంప్యూటరుంది కాబట్టి ఆమె మిషను వంటింటి నడవలో ఉండేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ఒక చెయ్యి చాపితే పప్పుడబ్బాకు, రెండో చెయ్యి చాపితే అత్తగారికి తగిలేది. బడి యూనిఫాములు కుట్టే పని ఆమె అడుగుతోంది. బజార్లో బట్టల కొట్టువాడూ అడుగుతున్నాడు. బడి హెడ్ మేడమ్ ఒకటే మాట అంది: "పిల్లలు వచ్చి నిలబడే గది చూపించమ్మా, పని నీదే. లేదంటే కొట్టతనికి ఇచ్చేస్తాను." అందుకని పెరట్లో గది కట్టాలనుకున్నారు. పెరడు ఎప్పుడో సిమెంటు చేసి ఉంది. ఇటుకలు దిగాయి. ఆ ఇటుకలు ఆమె సూదిమొనతో సంపాదించినవి. గది ఎలా ఉండాలో గీసిచ్చే పని మాత్రం మొగుడికి అప్పగించింది. సెలవునాడు గీస్తానన్నాడు. మేస్త్రి వచ్చేవారం కదా అన్నాడు.

మేస్త్రి ఆ పొద్దునే వచ్చేశాడు. అవతల ఇంకెవరిదో పని వాయిదా పడింది. వెంట బావమరిదినీ ఇద్దరు కూలీలనూ తెచ్చాడు.

"కాగితం ఇవ్వండమ్మా," అన్నాడు మేస్త్రి.

"మీకు తెలీనిదా? ఒక గది కట్టడానికి కాగితమెందుకు?" అంది టైలరమ్మ.

"వద్దమ్మా. నా బుర్ర నేను ఇంట్లో పెట్టి వచ్చాను."

అతను వేళాకోళానికి అనలేదు. ఒకప్పుడు ఒకాయన ఇంట్లో కిటికీ తప్పుగా గీశారని తోచి, మంచికే కదా అని మూరెడు జరిపి పెట్టాడు. ఆయన నలుగురిలో నిలబెట్టి తిట్టి, గోడ మొత్తం పీకించాడు. ఆనాటినుంచి మేస్త్రి కాగితంలో ఉన్నది కడతాడు, లేనిది కట్టడు. ఎందుకని అడగడు.

టైలరమ్మ ముందుగదిలోకి వెళ్లింది. టేబుల్ మీద గళ్ల కాగితం కనిపించింది. స్కేలు గీతలు, శుభ్రంగా. ఆమెకు బట్టమీద గీత తెలుసుగాని ఇంటి గీత తెలియదు. అడిగి చూద్దామని డిపోకు ఫోను చేసింది.

"ఏవండీ, మీ కంప్యూటరు పక్కన గళ్ల కాగితం ఉందే. అది మీరు గీసిందేనా?"

టైమ్ కీపర్ రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశాడు. ఆవిడ అప్పుడప్పుడూ ఆ టేబుల్ దులుపుతుంది. దులిపినప్పుడల్లా ఏదో ఒకటి చెత్తబుట్టలో తేలుతుంది.

"నేనే గీశాను. మూణ్నెల్ల కష్టం అది. చింపకు, మడవకు, మీద గ్లాసు పెట్టకు."

అవతల టైలరమ్మ కాగితం మీదనుంచి చెయ్యి తీసేసింది.

"మూణ్నెల్లనుంచా?" అంది, గొంతు తగ్గించి.

"మరి? ఒక్కో గడీ చూసుకుంటూ గీశాను. అందులో ఒక్క గీత అటూ ఇటూ అయినా మొత్తం పోయినట్టే."

"కాదు లెండి. ఒక్క గీత కూడా అటూ ఇటూ కాదు," అని ఫోను పెట్టేసింది.

పెట్టేసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దారపుండ తెమ్మంటే మూడుసార్లు మరిచిపోయే మనిషి. తన గది గురించి మాట వరసకైనా ఎత్తని మనిషి. అలాంటివాడు మూణ్నెల్లుగా చప్పుడు చెయ్యకుండా గీస్తూ కూర్చున్నాడా? ఆ టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడల్లా తను ఎన్నిసార్లు సాధించిందీ! మేస్త్రి వచ్చిన సంగతి ఇప్పుడే చెప్పకూడదనుకుంది. సాయంత్రం వచ్చేసరికి ఆయన గీసింది ఆయన కళ్లముందు లేచి నిలబడాలి.

కాగితం చూసి మేస్త్రి దాన్ని ఒకసారి అడ్డంగా తిప్పాడు. ఒకసారి నిలువుగా తిప్పాడు.

"ఇది గదేనా బావా?" అన్నాడు బావమరిది.

"గీసింది ఆయన. ఉండబోయేది ఆవిడ. మధ్యన నీకెందుకురా?" అన్నాడు మేస్త్రి. తర్వాత టైలరమ్మతో, "గడి కొలత రాయలేదమ్మా. అదొక్కటి అడిగి చెప్పండి. ఈ సున్నా ఏంటో, బాణం ఏంటో కూడా," అన్నాడు.

రెండోసారి ఫోను మోగేసరికి డిపోలో రెండు బస్సులు ఒకేసారి వచ్చి గేటులో ముక్కూ ముక్కూ రాసుకుంటున్నాయి. ఒక చెవి మూసుకొని మాట్లాడాడు టైమ్ కీపర్.

"ఒక గడి అంటే ఎంతండీ?" అంది భార్య.

అతను నమ్మలేకపోయాడు. పెళ్లయినప్పటినుంచీ ఈ మనిషి తన ఆట వంక కన్నెత్తి చూసింది లేదు. "ఒక మనిషి నిలబడేంత," అన్నాడు. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

"మరి ఈ సున్నా?"

"గుంట."

"గుంటెందుకండీ?"

"వచ్చినవాళ్లు తిన్నగా నడిచి వెళ్లిపోతే ఇక ఏం బాగుంటుంది? కాస్త జాగ్రత్తగా రావాలి కదా!"

"నిజమేలెండి. మరి బాణం?"

"అటు వెళ్లొచ్చు. ఇటు రాలేం."

"అబ్బ! ఎంత ఆలోచించారండీ," అంది ఆవిడ. మనస్ఫూర్తిగా అంది.

టైమ్ కీపర్ ఫోను పెట్టేసి, సంతకానికి వచ్చిన డ్రైవరుతో అన్నాడు: "మా ఆవిడ నా ఆట గురించి అడిగిందయ్యా."

"మా ఆవిడ నా డ్యూటీ గురించే అడగదు," అన్నాడు డ్రైవరు. "నువ్వు పెట్టి పుట్టావు."

ఇంటి దగ్గర మేస్త్రి కొలతకు బావమరిదిని నిలబెట్టాడు. బావమరిది తిండి మీద నమ్మకమున్న మనిషి. అతను నిలబడితే గడి బాగానే వెడల్పు వచ్చింది. ఆ లెక్కన ముగ్గు పోస్తే పెరడంతా నిండి, గీతలు బట్టలుతుకే రాయి దాకా పోయాయి. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టే రకం మనిషి మేస్త్రి. ఇటుక మీద ఇటుక పేరుస్తూ పోయాడు. కుడికి ఒక సందు, ఎడమకు ఒక సందు, ఎక్కడికీ పోని సందు ఒకటి. గుంట తవ్వమంటే బావమరిది సిమెంటు పగలగొట్టి మోకాలి లోతు తవ్వి, నీళ్లు తాగొచ్చి, తను తవ్విన దాంట్లోనే పడ్డాడు.

"చూశావా, సరిగ్గా పనిచేస్తోంది," అన్నాడు మేస్త్రి.

బాణం దగ్గర మాత్రం అతను కాసేపు ఆగాడు. అటు వెళ్లాలి, ఇటు రాకూడదు. చివరికి ఒకవైపు మెట్లు పేర్చి, రెండోవైపు నడుం ఎత్తున నిటారు గోడ దింపాడు. ఎక్కి జారొచ్చు. జారినవాడు తిరిగి ఎక్కలేడు. మేస్త్రి దాన్ని దూరంనుంచి చూసుకొని బీడీ వెలిగించాడు. అతని ముఖంలో అంత తృప్తి బావమరిది కూడా ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నానికి గోడలు గుండెలదాకా వచ్చాయి. పొట్టివాళ్లకు గడ్డందాకా. టైమ్ కీపర్ తల్లి పొట్టిది. పైగా వయసొచ్చి ఇంకాస్త వంగింది.

"మా వాడు చిన్నప్పటినుంచీ అంతే," అంది పెద్దావిడ, సందుల్లో తిరుగుతూ. బయటినుంచి చూస్తే ఆవిడ ముడి ఒక్కటే గోడమీదుగా నడుస్తున్నట్టుంది. "పెదవి దాటి మాట రాదు. లోపల మాత్రం ఇంత పెట్టుకుంటాడు."

"అవునత్తయ్యా," అంది టైలరమ్మ. "ఇన్ని మలుపులెందుకంటారు?"

తెలియదనడం పెద్దావిడకు అలవాటు లేదు. "గాలి విసురు తగలకుండా. మిషను మీద బట్ట ఎగరదూ?"

టైలరమ్మకు ఆ మాట బాగా నచ్చింది. ఆ ఊపులో హెడ్ మేడమ్‌కు ఫోను చేసి, గది లేస్తోందనీ సాయంత్రం వచ్చి చూడమనీ చెప్పేసింది. బజారు కొట్టువాడికి ఈ వారంలోనే మాట ఇచ్చేస్తారని వినడం కూడా అందుకు ఒక కారణం.

పొద్దు వాలుతుండగా పెరట్లోంచి పెద్దావిడ కేకలు వినిపించాయి.

"అమ్మాయ్! ఈ మెట్లెక్కి ఇటు దిగాను. అటు రావడం ఎలాగే?"

ఎలాగో ఎవరికీ తెలియలేదు. అవతల మలుపులున్నాయి. మలుపుల చివర గోడ ఉంది. కాగితం అక్కడితో అయిపోయింది.

"ఎత్తి ఇటు పెట్టమంటారా?" అన్నాడు బావమరిది.

"ముట్టుకో చెప్తా! నేనేమన్నా సిమెంటు బస్తానా?"

"గోడ మీంచి ఎత్తితే గోడ కూడా వస్తుంది," అన్నాడు మేస్త్రి. "పచ్చిగా ఉంది. ఎవరూ ఆనుకోకండి."

"స్టూలు అందిస్తాను, ఎక్కి దిగండత్తయ్యా," అంది టైలరమ్మ. స్టూలు అందించింది. పెద్దావిడ ఒక కాలు పైన పెట్టబోయింది. అంతలో వీధిగేటు చప్పుడైంది. హెడ్ మేడమ్ ఇంటి పక్క సందువెంట పెరట్లోకి వచ్చేసింది.

పెద్దావిడ ఎత్తిన కాలు దించేసింది. "బడి నడిపే మనిషి ముందు నేను స్టూలెక్కి గోడలు దూకనా? ఆవిడ వెళ్లేదాకా ఇక్కడే కూర్చుంటాను. టీ మాత్రం అందించు," అని స్టూలు మీద కూర్చుంది. ముడి కూడా మాయమైంది.

హెడ్ మేడమ్ కళ్లజోడు సవరించుకుంది. జీవితంలో చాలా భవనాలు చూసిన మనిషి. బడి పిల్లలు కట్టిన ఇసుక ఇళ్లు కూడా చూసింది. ఇలాంటిది చూడలేదు.

"గది ఏదమ్మా?"

"ఇదేనండీ. మా ఆయన మూణ్నెల్లు కూర్చొని గీశారు."

"అక్కడ గోడవెనక ఎవరో తాగుతున్న చప్పుడు..."

"మా అత్తగారండీ. అక్కడ కూర్చున్నారు."

హెడ్ మేడమ్ చేతిసంచిని కాస్త గట్టిగా పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే టైమ్ కీపర్ వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది. ఆటలో ఆసక్తి పుట్టిన భార్యకోసం తెచ్చాడు. పెరటి గుమ్మంలో అడుగుపెట్టి, పెట్టిన చోటే ఆగిపోయాడు.

అతను ఆ సందుల్ని కళ్లు మూసుకొని గుర్తుపట్టగలడు. అదిగో మొదటి మలుపు, అక్కడే గబ్బిలాలు మీద పడ్డాయి. అదిగో గుంట, డాలువాడు పడ్డది. అదిగో గట్టు. కాగితం మీద వేలెడంత ఉన్నది పెరడంత అయి, ఎర్రటి ఇటుకతో నిలబడి ఉంది. ఒక్క క్షణం అతనికి భయం కన్నా సంతోషమే ఎక్కువ కలిగింది. ఆ తర్వాత ఇటుకలు ఎవరివో గుర్తొచ్చింది.

"మీరు గీసినట్టే కట్టించానండీ," అంది టైలరమ్మ. ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఒక్క గడి కూడా మార్చలేదు. కావాలంటే మేస్త్రిని అడగండి."

"నేను మార్చనండి," అన్నాడు మేస్త్రి.

అలాంటి ముఖం చూస్తూ నిజం చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో అంత టైమ్ కీపర్ దగ్గర లేదు.

"మీరేనా గీసింది?" అంది హెడ్ మేడమ్. "మంచిదయింది. చెప్పండి. మిషను ఎక్కడ పెడతారు?"

"మిషను... అంటే... ఆ మూల..."

"ఆ మూలకు పోవడానికి గుంట దాటాలి కదా. పోనీ, పిల్లలు లోపలికి ఎలా వస్తారు?"

"ఒక్కొక్కరుగా వస్తారండీ. ముందు డాలు... ముందు పెద్దపిల్లలు."

"సరే. బయటికి ఎలా పోతారు?"

ఆ ప్రశ్న అతన్ని చాలా రోజులుగా తినేస్తోంది. ఆలోచించకుండానే జవాబు వచ్చేసింది. "బయటికి దారి ఇంకా దొరకలేదండీ."

హెడ్ మేడమ్ టైలరమ్మ వంక చూసింది. ఆ చూపులో బజారు కొట్టువాడు నిలబడి ఉన్నాడు. టైలరమ్మ అది చూసింది. ఆమె ముఖంలో వెలుగు కొద్దికొద్దిగా తగ్గింది.

కొడుకు గొంతు విని పెద్దావిడ లేచింది. లేవడానికి గట్టుకు ఎదుటి గోడకు చెయ్యి ఆనించింది.

ముందు ఒక ఇటుక జారింది. తర్వాత వరుస జారింది. గోడ నిదానంగా, అలిసిపోయిన ఎద్దు పక్కకు ఒరిగినట్టు ఒరిగిపోయింది. ఎర్రటి దుమ్ము లేచింది. దుమ్ములోంచి పెద్దావిడ టీగ్లాసుతో నడుచుకుంటూ వచ్చి, మొదటి సందులో, అందరి ఎదుటా నిలబడింది. గ్లాసులో టీ చుక్క కూడా తొణకలేదు.

"గోడలు పెట్టేముందు దారి పెట్టాలిరా," అంది కొడుకుతో.

టైమ్ కీపర్ తల్లిని చూడలేదు. పడిన గోడనే చూస్తున్నాడు. ఆటలో కొన్ని గోడలు దొంగగోడలు, ఎదుట నిలబడి తడితే కరిగి దారిస్తాయి. అన్ని గోడలూ తట్టి చూశాడు, ఆ ఒక్కటీ తట్టలేదు. దాని అవతల మొదటి సందే ఉందని కాగితం మీద కనిపిస్తూనే ఉన్నా అతనికి తోచలేదు.

"అది గోడ కాదు! అదే దారి!" అని ఒక్క కేక పెట్టి, మిఠాయి పొట్లం బావమరిది చేతిలో పెట్టి ఇంట్లోకి పరిగెత్తాడు. ఏమైందో అని భార్య వెంటపడింది. ఆమె వెనక హెడ్ మేడమ్. గుమ్మంలో చెప్పులు విడిచి మేస్త్రి. బావమరిది మాత్రం పొట్లానికి కాపలా ఉన్నాడు.

వాళ్లు ముందుగదిలోకి వచ్చేసరికి తెరమీద బూడిదరంగు గోడలున్నాయి. నలుగురూ గట్టు దాకా వెనక్కి నడిచి, ఒక మూసుకున్న గోడ ఎదుట ఉన్నారు. టైమ్ కీపర్ మీట నొక్కాడు. గోడ కరిగినట్టయి, అవతల సందు కనిపించింది. మొదటి మలుపు కనిపించింది. అతని నలుగురూ బయటపడ్డారు.

అతను తల తిప్పి చూస్తే భార్య ఉంది. ఆమె తెరను చూసింది, పెరటివైపు చూసింది, మళ్లీ తెరను చూసింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"మూణ్నెల్ల కష్టం ఇదేనా?" అంది.

అతను తలొంచుకున్నాడు.

"నాకోసమనుకున్నాను."

కేకలు వేసి ఉంటే బాగుండునని టైమ్ కీపర్‌కు అనిపించింది. కేకలకు అతని దగ్గర అలవాటైన మౌనం ఒకటి ఉంది. దీనికి ఏమీ లేదు. చెయ్యి చాపి కంప్యూటరు తీగను పట్టుకున్నాడు. పట్టుకొని, "ఒక్క నిమిషం. ఇక్కడిదాకా వచ్చింది దాచుకుంటాను," అని గొణిగి, దాచుకొని, అప్పుడు పీకాడు. తెర నల్లబడింది.

హెడ్ మేడమ్ ఈ సంగతేదీ పట్టించుకోలేదు. ఆవిడ గది చూస్తోంది. వీధిలోకి గుమ్మం. గుమ్మం పక్కన పెద్ద కిటికీ, కిటికీ నిండా వెలుతురు. వెనక్కి వెళ్లడానికి ఇంకో తలుపు. టేబుల్ తీసేస్తే పిల్లలు వరసలో నిలబడొచ్చు.

"ఈ గది ఎవరిదమ్మా?"

"మా ఆయన ఆట గది," అంది టైలరమ్మ.

"ఇది ఇంట్లో పెట్టుకొని పెరట్లో అదంతా ఎందుకు కట్టిస్తున్నారు?"

ఆ గదిలో కంప్యూటరు ఉండేది కాబట్టి అది గది అనే సంగతే ఇంట్లోవాళ్లెవరికీ ఇన్నాళ్లూ తట్టలేదు.

టైమ్ కీపర్ టేబుల్ ఒక పక్క పట్టుకొని మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని నడవలోంచి పెరటి గుమ్మం దాకా మోసుకుపోయారు. తిరిగి వచ్చేటప్పుడు టైమ్ కీపర్ కుట్టుమిషనును ఒక్కడే ఎత్తుకొచ్చి కిటికీ దగ్గర పెట్టాడు. వెలుతురు సరిగ్గా సూది మీద పడేలా రెండుసార్లు జరిపాడు.

టైలరమ్మ చూస్తూ నిలబడింది. "ఇంకాస్త ఎడమకు," అంది చివరికి.

అతను ఎడమకు జరిపాడు.

"సోమవారం చిన్న తరగతుల వాళ్లని పంపిస్తాను," అంది హెడ్ మేడమ్. "కొలతలు తీసుకో. ఒక్క మాట, పెరటివైపు మాత్రం వెళ్లనివ్వకు. వెళితే నాకు మళ్లీ దొరకరు."

ఆవిడ వెళ్లాక మేస్త్రి గుమ్మంలో నిలబడి తలపాగా చుట్టుకున్నాడు. "అమ్మా, ఇప్పుడేం చెయ్యమంటారు? కట్టింది పీకనా, మిగిలింది కట్టనా?"

టైలరమ్మ పెరట్లోకి చూసింది. తన ఇటుకలను చూసింది. గుమ్మం దగ్గర టేబుల్ కాలు తుడుస్తున్న మొగుణ్ణి చూసింది.

"కట్టండి," అంది. "ఆయన గీసినట్టే, ఆ చివరిదాకా కట్టండి. ఆయన సామానంతా ఆ చివర్లో పెట్టుకుంటారు."

"మరి అత్తగారు పడేసిన గోడ?"

"అది అలాగే వదిలెయ్యండి. అన్నానికి రావాలి కదా."

రెండు రోజుల్లో మేస్త్రి గోడలన్నీ నిలువెత్తు లేపాడు, మెట్లు గట్టిగా చేశాడు, గుంట అంచు నున్నగా తీర్చాడు. టైమ్ కీపర్ తన టేబుల్‌ను మలుపులన్నీ తిప్పి చివరి మూలకు చేర్చి, కుర్చీ వేసుకొని, సంతోషంగా తల పైకెత్తాడు.

కాగితంలో కప్పు లేదు కాబట్టి మేస్త్రి కప్పు వెయ్యలేదు.